మాస్టొడాన్, బ్లూస్కై, థ్రెడ్స్, నోస్టర్: బరంపురం దుకాణానికి ఏది సరిపోతుంది?

ఒక ఏడాది దసరాకి పది రోజుల ముందు మా మామయ్య దుకాణం సోషల్ మీడియా పేజీ మాయమైపోయింది. బరంపురంలో పట్టుచీరల దుకాణం మాది. ఆరేళ్లపాటు నేనూ, మామయ్య కోడలైన మా వదినా కూర్చుని ఒక్కో చీర ఫొటో పెట్టుకుంటూ పన్నెండు వేలమంది ఫాలోవర్లను కూడబెట్టిన పేజీ అది. ఏ పోస్టు తప్పో చెప్పలేదు. అప్పీలు పెడితే యంత్రం రాసిన జవాబు వచ్చింది. మళ్లీ పెడితే మళ్లీ అదే జవాబు.

"ఏటిరా ఇది, షాపు ఓనరొచ్చి రాత్రికి రాత్రి తాళం ఎట్టేసినట్టుంది" అన్నాడు మామయ్య.

"ఓనరైతే అద్దె తీసుకుంటాడు కదా మామయ్యా. మనం పైసా కట్టలేదు, ఇంక ఏమని అడుగుతాం?" అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. ఆ కోపం నా మీద కాదని ఇద్దరికీ తెలుసు.

పేజీ మూడు వారాలకి తిరిగొచ్చింది. అప్పటికి దసరా అయిపోయింది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే పేరు మార్చినా కథ ఇలాగే ఉంటుంది. ఆ మూడు వారాల్లో వేరే దారులు వెతికాను, మాస్టొడాన్, బ్లూస్కై, థ్రెడ్స్, నోస్టర్ అనే వేరే సోషల్ మీడియాలు. తర్వాత ఏడాదిన్నరగా వాటిని వాడి చూస్తున్నాను. ఇచ్ఛాపురం, పర్లాకిమిడి, రాయగడల నుంచి చుట్టాలూ స్నేహితులూ "ఆ కొత్తవి ఏమైనా పనికొస్తాయా?" అని అడుగుతుంటే ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం కన్నా రాసేస్తే మేలనిపించింది.

ముందే ఒక మాట. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ మూసేయమని నేను చెప్పడం లేదు. మన దగ్గర కొనేవాళ్లు అక్కడే ఉన్నారు. గంజాం, గజపతి జిల్లాల్లో ఒక చీర అమ్ముడుపోవాలన్నా, ఒక కిలో అప్పడాలు కదలాలన్నా ఇంకో అయిదేళ్లు వాట్సాప్ లేకుండా జరగదని నా నమ్మకం. మీరు ఎంచుకోవాల్సింది దానికి తోడుగా ఏది పెట్టుకోవాలన్నదే.

అసలు తేడా ఎక్కడుంది

1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు బరంపురం ఒడిశాలోకి వెళ్లింది, పాతిక కిలోమీటర్ల దూరంలోని ఇచ్ఛాపురం ఆంధ్ర వైపే ఉండిపోయింది. ప్రభుత్వాలు వేరయ్యాయి గానీ పెళ్లిళ్లు ఆగలేదు, సంతలు ఆగలేదు. వికేంద్రీకృత సోషల్ మీడియా కూడా ఇలాంటిదే. సర్వర్లు (మన ఖాతాలూ పోస్టులూ ఉండే కంప్యూటర్లు) వేరు, నడిపేవాళ్లు వేరు, నియమాలు వేరు. అయినా ఒక సర్వర్లో ఉన్న మనిషి ఇంకో సర్వర్లో ఉన్న మనిషిని ఫాలో కావచ్చు, జవాబివ్వచ్చు. ఫోన్‌పేలో ఉన్నవాడు గూగుల్ పేలో ఉన్నవాడికి డబ్బు పంపుతున్నాడంటే మధ్యలో యూపీఐ ఉంది కాబట్టే కదా. ఇక్కడ ఆ పనిని ప్రోటోకాల్, అంటే సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి, చేస్తుంది. మాస్టొడాన్, థ్రెడ్స్ వాడేది యాక్టివిటీపబ్. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ 2018 జనవరిలో దాన్ని అధికారిక ప్రమాణంగా ఒప్పుకుంది. బ్లూస్కైది ఏటీ ప్రోటోకాల్. నోస్టర్ అనేది ప్రోటోకాల్ పేరే.

ఇదంతా మనకెందుకు అంటారా? ఆర్కుట్ 2014 సెప్టెంబర్‌లో మూతపడింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ని మన ప్రభుత్వం నిషేధించింది, లక్షల ఫాలోవర్లున్న పల్లెటూరి కుర్రాళ్లు తెల్లారేసరికి మళ్లీ సున్నా దగ్గర నిలబడ్డారు. తెలుగులో కూడా రాసుకోనిచ్చిన మన దేశపు 'కూ' 2020లో మొదలై 2024 జులైలో ఆగిపోయింది. ఈ మూడింటిలోనూ జనం పోగొట్టుకున్నది యాప్ కాదు, తమను వెతుక్కుంటూ వచ్చే మనుషుల జాబితా. అందుకే ఏ యాప్ చూసినా నేను ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: ఇక్కడి నుంచి వెళ్లిపోవాల్సి వస్తే ఆ జాబితాను వెంట తీసుకెళ్లగలనా? మొబైల్ నంబర్ పోర్ట్ చేసుకున్నట్టు.

మాస్టొడాన్: ఓపిక ఉన్నవాళ్లకి

జర్మనీలో ఉండే ఒయిగెన్ రోఖ్కో 2016లో దీన్ని బయటికి తెచ్చాడు. ప్రకటనలు లేవు. మీ ముందు ఏం కనిపించాలో నిర్ణయించే అల్గారిదం లేదు, పోస్టులు వచ్చిన వరుసలోనే కనిపిస్తాయి. సాధారణంగా ఒక పోస్టుకి 500 అక్షరాలు.

మన దేశంలో దీని పేరు మొదట గట్టిగా వినిపించింది 2019 నవంబర్‌లో. సుప్రీంకోర్టు న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విటర్ ఆపేసినప్పుడు చాలామంది భారతీయులు కోపంతో ఇటు వచ్చారు. కొన్నాళ్లకి ఎక్కువమంది వెనక్కి వెళ్లిపోయారు. 2022 అక్టోబర్ చివర్లో ట్విటర్ ఎలాన్ మస్క్ చేతికి వెళ్లాక ఇంకో పెద్ద అల వచ్చింది, అందులోనూ కొంత వెనక్కి పోయింది. ఈ రాకపోకలు చూశాక నాకు అర్థమైంది ఏమిటంటే, కోపంతో వచ్చినవాళ్లు ఇక్కడ నిలవరు. ఏదో ఒక ఇష్టంతో వచ్చినవాళ్లు నిలుస్తారు. పక్షులు, తాబేళ్లు, అల్లికలు, నేత, పాత కెమెరాలు, రైళ్లు, సాఫ్ట్‌వేర్, ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్లు ఇక్కడ గట్టిగా ఉన్నారు.

చేరేటప్పుడే తికమక మొదలవుతుంది. ఏ సర్వర్లో చేరాలి? మీ పేరు పక్కన ఇంటిపేరులా సర్వర్ పేరు ఉంటుంది. తర్వాత సర్వర్ మారితే, పెళ్లయ్యాక ఇంటిపేరు మారినట్టు అది మారుతుంది. ఫాలోవర్లు మీ వెంట కొత్త ఖాతాకి వచ్చేస్తారు, పాత పోస్టులు మాత్రం పుట్టింట్లోనే ఉండిపోతాయి. ఒకసారి మారాక మళ్లీ మారాలంటే 30 రోజులు ఆగాలి. పైగా మారే సమయానికి పాత సర్వర్ బతికి ఉండాలి. అది మూతపడ్డాక పరుగెత్తితే లాభం లేదు.

మూతపడటం కల్పన కాదు. అఫ్గానిస్తాన్‌కి చెందిన డాట్ ఏఎఫ్ చిరునామా మీద నడుస్తున్న ఒక సర్వర్ పేరును 2024 ఫిబ్రవరిలో తాలిబన్ ప్రభుత్వం రద్దు చేసింది. సర్వర్ నడిపేవాళ్ల తప్పేమీ లేదు, చిరునామా చివరి రెండు అక్షరాలు వేరే దేశానివి. కాబట్టి సర్వర్ ఎంచుకునేటప్పుడు మూడు విషయాలు చూస్తాను. ఎన్నేళ్లుగా నడుస్తోంది, ఖర్చులు ఎవరు పెడుతున్నారో రాశారా, వ్యాపార ఖాతాలను ఒప్పుకుంటారా. మూడోది మనలాంటివాళ్లకి ముఖ్యం. చాలా సర్వర్లు అమ్మకపు పోస్టులను నియమాల్లోనే వద్దంటాయి. చదవకుండా చేరి, చీర రేటు పెట్టి, రెండో రోజే బయటికి వెళ్లినవాడిని నేనే.

రెండోసారి వేరే సర్వర్లో చేరి పద్ధతి మార్చాను. రేటు లేదు, ఆఫర్ లేదు. బరంపురం పట్టు అంచు మీద కోణాలుగా లేచే ఫోడా కుంభ అల్లిక దగ్గరి ఫొటో ఒకటి పెట్టి, ఆ వరుస మగ్గం మీద ఎలా వస్తుందో నాలుగు ముక్కలు రాశాను. యూరప్‌లో చేతి మగ్గం పెట్టుకున్న ఆవిడ ఒకరు దారం గురించి ఏడు ప్రశ్నలు వేశారు. సమాధానాల కోసం మామయ్యని పట్టుకుని నేతవాళ్ల ఇంటికి వెళ్లాల్సొచ్చింది. ఆ సంభాషణ చూసినవాళ్లలో ఇద్దరు తర్వాత చీరలు కొన్నారు. ఏడాదిన్నరకి రెండే చీరలా అని మామయ్య ఇప్పటికీ నవ్వుతాడు. ఆయన నవ్వులో న్యాయం ఉంది, మార్కెటింగ్ లెక్కలో ఇది నష్టమే. కానీ ఆ పోస్టులే మా వెబ్‌సైట్లో చీర గురించిన పేజీ అయ్యాయి, ఇప్పుడు వాట్సాప్‌లో కస్టమర్ అడిగితే ఆ లింకే పంపుతున్నాం.

ఇంకో మంచి ఏర్పాటు ఉంది. మీ వెబ్‌సైట్లో మీ మాస్టొడాన్ ఖాతాకి తగిన లింకు పెడితే, ప్రొఫైల్‌లో ఆ వెబ్‌సైట్ పక్కన ఆకుపచ్చ టిక్ వస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, నకిలీ పేజీల బెడద ఉన్న దుకాణాలకి ఉపయోగం.

సొంత సర్వర్ పెట్టుకుంటే పోలా అని మా పర్లాకిమిడి స్నేహితుడు అడిగాడు. నెలకి కొంత తీసుకుని మీ బదులు నడిపిపెట్టే సంస్థలు ఉన్నాయి, అది పరవాలేదు. సొంతంగా నడిపితే మాత్రం మీరు ఫాలో అయ్యేవాళ్ల ఫొటోలన్నీ మీ డిస్కులో పేరుకుంటాయి, శుభ్రం చేస్తూ ఉండాలి. ఇతరులకు ఖాతాలిస్తే ఫిర్యాదులు చూసే మనిషిని పెట్టడం లాంటి 2021 ఐటీ నియమాల బాధ్యతలు కూడా మీ మీద పడతాయి. ఒక దుకాణం కోసం ఇంత టెన్షన్ అక్కర్లేదు.

బ్లూస్కై: ట్విటర్ అలవాటున్నవాళ్లకి

2019లో ట్విటర్ స్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ ట్విటర్ లోపలే మొదలుపెట్టించిన ప్రాజెక్టు ఇది. తర్వాత వేరే కంపెనీ అయింది, 2024 ఫిబ్రవరిలో పిలుపు లేకుండానే అందరూ చేరేలా తెరిచారు. ఆ ఏడాది ఆగస్టు చివర్లో బ్రెజిల్ ఎక్స్‌ను (ట్విటర్ కొత్త పేరు) ఆపేసినప్పుడు, నవంబర్‌లో అమెరికా ఎన్నికల తర్వాత జనం గుంపులుగా వచ్చారు. నవంబర్‌లోనే 2 కోట్ల ఖాతాలు దాటింది.

చూడటానికి పాత ట్విటర్‌లానే ఉంటుంది, అయిదు నిమిషాల్లో చేయి తిరుగుతుంది. పోస్టుకి 300 అక్షరాలే. అయితే తెలుగు రాసేవాళ్లకి ఒక సంతోషం: గుణింతాన్ని విడదీయకుండా, 'కి' అంటే ఒకటే అని లెక్కేస్తుంది. కొన్ని చోట్ల 'కి'ని రెండుగా లెక్కేసి మన వాక్యాన్ని మధ్యలో నరికేస్తారు.

నాకు దీనిలో అన్నిటికన్నా నచ్చింది, మీ వెబ్‌సైట్ పేరునే మీ ఖాతా పేరుగా పెట్టుకోవచ్చు. డొమైన్ (వెబ్‌సైట్ పేరు) కొన్నచోట ఒక చిన్న వరుస చేర్చాలి, అంతే. అప్పుడు దుకాణం బోర్డు మీద, సంచీ మీద, బ్లూస్కై మీద ఒకటే పేరు. రేపు మీ డేటాను వేరే సర్వర్‌కి మార్చుకున్నా ఆ పేరూ, ఫాలోవర్లూ, పోస్టులూ మీతోనే వస్తాయి. ఈ విషయంలో మాస్టొడాన్ కన్నా ఇది ఒక మెట్టు పైన ఉంది.

అల్గారిదం కూడా మనం ఎంచుకునేదే. ఎవరైనా ఫీడ్ (ఒక విషయం మీద ఏరిన పోస్టుల వరుస) తయారు చేయచ్చు. చేనేత మీద ఒకరు, తాబేళ్ల మీద ఒకరు ఫీడ్ పెడితే ఆసక్తి ఉన్నవాళ్లు దాన్ని తమ పేజీలో తగిలించుకుంటారు. స్టార్టర్ ప్యాక్ అని ఇంకొకటుంది, 150 మంది వరకు ఖాతాలను ఒక మూటలా కట్టి లింకు ఇవ్వచ్చు, కొత్తగా వచ్చినవాడు ఒక్క నొక్కుతో అందరినీ ఫాలో అవుతాడు. బరంపురం పట్టు, ఇచ్ఛాపురం మిఠాయి, పర్లాకిమిడి కొమ్ము బొమ్మలు కలిపి ఒక మూట కడదామని నేను అడుగుతూనే ఉన్నాను, ఎవరూ ఖాతాలు తెరవడం లేదు.

ఇప్పుడు అసలు అనుమానం. పేరుకి వికేంద్రీకృతమే గానీ, ఇవాళ్టికి ఎక్కువ ఖాతాలు ఆ కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి. కంపెనీలో పెట్టుబడిదారుల డబ్బుంది, 2024 అక్టోబర్‌లో ఒక్క విడతలోనే 1.5 కోట్ల డాలర్లు తెచ్చుకుంది. ఆ డబ్బు ఏదో ఒక రోజు లాభం అడుగుతుంది. అందుకని వెళ్లిపోయే తలుపు తెరిచి ఉంచిన కంపెనీ అనుకుని వాడుతున్నాను, అంతకు మించి నమ్మలేదు.

థ్రెడ్స్: పని తక్కువ, స్వేచ్ఛ తక్కువ

మెటా 2023 జులైలో తెచ్చింది, అయిదు రోజుల్లో 10 కోట్ల మంది చేరారు. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉంటే చాలు, కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు. సెటింగ్స్‌లో ఫెడివర్స్ షేరింగ్ అనే స్విచ్ కనిపిస్తే వేసుకోండి, మీ పోస్టులు మాస్టొడాన్‌లో ఉన్నవాళ్లకి కూడా అందుతాయి. ఈ నాలుగింటిలో ప్రకటనలు కొనుక్కోగలిగేది ఇదొక్కటే, 2025 ఏప్రిల్‌లో అన్ని దేశాల వ్యాపారులకూ తెరిచారు. కానీ తాళం మాత్రం మళ్లీ వాళ్ల దగ్గరే. ఇన్‌స్టాగ్రామ్ ఖాతా పోతే ఇదీ పోతుంది. ఇదివరకే ఇన్‌స్టాగ్రామ్‌లో బాగా నడుస్తున్న దుకాణానికి మొదటి అడుగుగా మంచిదే. రక్షణ కోసం వెతికేవాళ్లకి పనికిరాదు.

నోస్టర్: నేను వద్దంటాను

2020లో ఫియాట్‌జాఫ్ అనే మారుపేరుతో ఉన్న ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. ఖాతా లేదు, పాస్‌వర్డ్ లేదు, రెండు పొడుగాటి తాళంచెవులు ఉంటాయి. ఒకటి అందరికీ చూపించేది, ఒకటి దాచుకునేది. నిజంగా ఎవరూ మిమ్మల్ని మూసేయలేరు, అది గొప్పే. కానీ దాచుకునే తాళంచెవి పోతే తిరిగి ఇచ్చేవాడు లేడు. వేరేవాడి చేతిలో పడితే మీ పేరు మీద జీవితాంతం వాడే రాస్తాడు. ఫోను నీళ్లలో పడేసుకుని జీమెయిల్ పాస్‌వర్డ్ కోసం మనవడిని లేపే మా మామయ్యకి ఇది ఇవ్వగలనా?

జాప్ పేరుతో బిట్‌కాయిన్‌లో చిన్న చిన్న మొత్తాలు పంపుకునే ఆనవాయితీ కూడా అక్కడుంది. మన దగ్గర 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, ఆ జులై నుంచి లావాదేవీ మీద 1 శాతం టీడీఎస్. పది రూపాయల మెచ్చుకోలు కోసం ఆడిటర్‌తో అరగంట కూర్చోవడం ఎందుకు? సాంకేతికం తెలిసినవాళ్లు సరదాకి వాడుకోవచ్చు.

ఎవరికి ఏది

పట్టుచీరల దుకాణాలకి: బ్లూస్కై, సొంత డొమైన్ పేరుతో. మాస్టొడాన్ అయితే, నేతపని గురించి రాయగలిగితేనే. ఠాకురాణి జాతర రెండేళ్లకోసారి వచ్చే సీజన్లో అమ్మకం వాట్సాప్‌లోనే సాగించండి, వీటి మీద టైమ్ పెట్టకండి.

ఛత్రపురం, రంగైలుండ వైపు మొగలి పూల అత్తరు చేసేవాళ్లకి ఇంకో రకం సలహా. గంజాం కేవ్డాకి, అంటే ఈ మొగలికి, జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకేనన్న గుర్తింపు) ఉంది. కొనేవాడు మన వీధిలో తక్కువ, సువాసనల పిచ్చి ఉన్న మనిషి ప్రపంచంలో ఎక్కడో ఉంటాడు. పూలు తెల్లవారుజామున కోసి రాగి డేగిశాల్లో ఎలా బట్టీ పెడతారో ఫొటోలతో మాస్టొడాన్‌లోనూ బ్లూస్కైలోనూ చెప్పగలిగితే, ఈ జిల్లాలో వీటివల్ల ఎక్కువ లాభపడేది వీళ్లే అనిపిస్తుంది. బ్రిడ్జీ ఫెడ్ అనే వంతెన ఖాతాని ఫాలో అయితే ఒకచోట రాసింది రెండోచోట కూడా కనబడుతుంది, రెండుసార్లు రాయక్కర్లేదు.

అప్పడాలు, ఊరగాయలు అమ్మేవాళ్లకి: ఏదీ వద్దు. నిజంగా. మీ కస్టమర్ యాభై కిలోమీటర్ల లోపే ఉన్నాడు. ఆ టైములో కస్టమర్ల ఫోన్ నంబర్లు ఒక నోటుబుక్కులో, ఒక ఎక్సెల్ షీటులో రాసిపెట్టుకోండి. పేజీ పోయిన ఆ మూడు వారాలూ మామయ్యని నిలబెట్టింది ఆయన బిల్లు పుస్తకాల్లోని నంబర్లే.

రుషికుల్య ముఖద్వారంలో గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లను ఫొటో తీసే కుర్రాళ్లకి మాత్రం మాస్టొడాన్, ఫొటోల కోసమే ఉన్న దాని చుట్టం పిక్సెల్‌ఫెడ్. అమ్మకం కోసం కాదు, మంచి చూపరుల కోసం.

తెలుగు సంఘాలవాళ్లు పదే పదే అడుగుతారు, తెలుగువాళ్లు అక్కడ ఉన్నారా అని. ఉన్నారు, పలచగా. మన దగ్గర ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుకుని, తెలుగు అక్షరం రాని పిల్లలు బరంపురంలో ఇంటింటా ఉన్నారు. వాళ్ల కోసం పోస్టుకి ఫొటో గానీ చిన్న వీడియో గానీ జతచేసి, అందులో తెలుగు గొంతు వినిపించండి. వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో పాఠాలు చెప్పినవారే కదా, ఆయన ఊరివాళ్లు గ్రాంథికం నోటీసులు పోస్టు చేస్తే బాగుండదు. రాసేచోట భాష 'తెలుగు' అని ఎంచుకోవడం మరిచిపోకండి. లేకపోతే భాష ఎంపిక పెట్టుకుని చదివేవాళ్లకి మీ పోస్టు కనబడదు.

మొదలుపెట్టాక నేను నేర్చుకున్నవి

అక్కడ మెసేజ్‌లలో కస్టమర్ చిరునామా, ఫోన్ నంబర్, యూపీఐ వివరాలు తీసుకోకండి. మాస్టొడాన్ ప్రైవేటు మెసేజ్‌లకి వాట్సాప్‌లాంటి తాళం లేదు, సర్వర్ నడిపేవాడు తలుచుకుంటే చదవగలడు. మాట కుదిరిన వెంటనే వాట్సాప్‌కి రమ్మనండి.

ఒకసారి పెట్టింది పూర్తిగా తుడిచేయగలమన్న భరోసా లేదు. మీరు డిలీట్ చేసినా, దాన్ని అందుకున్న ఇంకో సర్వర్ ఆ మాట వినకపోవచ్చు. అందుకని రేట్లు ఫొటో మీద రాయకండి, పాత రేటు ఎక్కడో బతికే ఉంటుంది.

ఎంతమంది చూశారో చెప్పే లెక్కలు మాస్టొడాన్ ఇవ్వదు. మేం చేసేది పాత పద్ధతే. బ్లూస్కైలో ఒక మాట, మాస్టొడాన్‌లో ఇంకో మాట ఇస్తాం. "కుంభ అని చెబితే ఫాల్ ఉచితం" అని బ్లూస్కైలో రాస్తాం. కౌంటర్ దగ్గర ఎవరు ఏ మాట చెప్పారో వదిన బిల్లు వెనక గీత పెడుతుంది. నెలాఖరున గీతలు లెక్కపెడతాం.

ఫొటో కింద దాని వర్ణన రాయడం మాస్టొడాన్‌లో మర్యాద. కంటిచూపు లేనివాళ్ల ఫోను దాన్ని చదివి వినిపిస్తుంది. మొదట్లో బద్ధకమేసేది. తర్వాత "మిరపపండు రంగు ఒళ్లు, ఆవపువ్వు రంగు అంచు" అని రాయడం మొదలుపెట్టాక వదిన ఆ వర్ణనల్నే వాట్సాప్ క్యాటలాగ్‌లోకి తీసుకుంది.

ఇక డబ్బు. ఇవన్నీ ఉచితం, ఖర్చంతా డొమైన్ మీదే, ఏడాదికి వెయ్యి రూపాయలు అటూ ఇటూ. అది మీ పేరు మీదే కొనండి. వెబ్‌సైట్ చేసిపెట్టిన కుర్రాడి పేరు మీద వద్దు, వాడు రేపు హైదరాబాద్ వెళ్లిపోతే మళ్లీ మొదటికొస్తుంది. గడువు దాటితే ఆ పేరు ఇంకెవరైనా కొనేసుకోవచ్చు కూడా. మామయ్య ఈ సంగతి విన్న రోజున గోడ క్యాలెండర్లో ఆ తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టి, పక్కన కరెంటు బిల్లు తేదీ, దాని కింద "పేరు బిల్లు" అని రాసుకున్నాడు.